‘మేము’ అన్న మాట

ఉతకడానికి తీసిన చొక్కా జేబులోంచి లాటరీ టికెట్ బయటపడిన దగ్గర మొదలైంది ఇదంతా. ఆ ఇంట్లో చొక్కా తొడిగే మనిషి ఒక్కడే, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. జేబు తడిమింది అతని భార్య. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని కాబట్టి వీధిలో అందరికీ ఆమె అద్దాలమ్మ. పెళ్ళినాడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఇంట్లోకి లాటరీ టికెట్ రాకూడదని. "ఓస్, అంతేనా!" అన్నాడతను. ఆ "ఓస్, అంతేనా" మీదే ఇన్నేళ్ళ కాపురం నిలబడి ఉంది.

షరతు ఊరికే పుట్టలేదు. ఆమె తండ్రి దర్జీ. చేయి తిరిగిన దర్జీ. ఆ చేత్తోనే టికెట్లు కొని, కొన్న టికెట్ల కోసం కుట్టుమిషన్లు ఒక్కొక్కటే సాగనంపి, చివరికి దుకాణం తలుపులకి వేరేవాళ్ళ తాళం పడేదాకా తెచ్చాడు. ఒకరోజు అద్దాలమ్మ తల్లిని వెంటబెట్టుకుని ఆ ఇంట్లోంచి బయటికి నడిచింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తల్లి అప్పటినుంచీ కూతురి దగ్గరే ఉంటోంది.

ఇక ఇది శనివారం పొద్దున.

టికెట్ బల్లమీద చక్కెర డబ్బా కింద ఉంది. రాత్రి ఆమె అక్కడ పెట్టింది, అతను చూశాడు, ఇద్దరూ చూడనట్టే పడుకున్నారు. పొద్దున్న లేచేసరికి అది ఎక్కడికీ పోలేదు. చక్కెర కోసం డబ్బా ఎత్తక తప్పదు, ఎత్తితే మాట్లాడక తప్పదు. అందుకని అతను చక్కెర లేకుండానే టీ తాగుతున్నాడు. గోడవారన కూర్చుని తల్లి బఠానీలు ఒలుస్తోంది.

"చేదుగా లేదా?" అడిగింది అద్దాలమ్మ.

"బాగానే ఉంది."

"ఇదేం టికెట్? రైలుదా?"

"తెలిసి అడిగితే ఏం చెప్తానే." గ్లాసు కింద పెట్టాడు. "సరదాకి కొన్నా. ఒక్కటి. ఒక టీ తాగితే అయిపోయే డబ్బు."

"టీ అయితే కడుపులోకన్నా వెళ్తుంది."

"వెళ్ళి ఏం చేస్తుంది? గంటలో బయటికొస్తుంది."

గోడవారన బఠానీ ఒకటి గిన్నెలో పడకుండా నేలమీద దొర్లింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అద్దాలమ్మకి నవ్వు రాలేదు. నవ్వు రాకపోగా, నవ్వు రావాల్సిన చోట రాలేదన్న సంగతి కూడా ఎక్కడో దూరంగా తెలిసింది, పక్కింట్లో కుక్కరు కూసినట్టు.

"అయినా తప్పేంటో చెప్పు," అన్నాడు అతను, కాస్త ధైర్యం చిక్కినట్టు. "సినిమా టికెట్ కొంటే మూడుగంటలు. ఇది కొంటే వారమంతా."

"వారమంతా ఏం చూస్తారు అందులో?"

"ఏదో ఒకటి. పన్నెండంతస్తుల లిఫ్టు గోతిలో తాడు పట్టుకుని నిలబడతాను. కింద గ్రీజు, పైన చీకటి. అప్పుడు మనిషి ఏదో ఒకటి అనుకోవాలిగా. గట్టి బూట్లు కొనుక్కున్నట్టు అనుకుంటా. నీచేత ఉద్యోగం మానిపించినట్టు అనుకుంటా."

"నేను మానేస్తానని మీకెవరు చెప్పారు?"

"చూశావా? నా ఊహల్లోకి కూడా వచ్చి అడ్డం చెప్తావు."

ఇంకొకరోజైతే ఈ మాటకి ఆమె నవ్వేసేది. అతను అందుకే అన్నాడు. కానీ చక్కెర డబ్బా ఇంకా అక్కడే ఉంది.

"సినిమా అయిపోతే లైట్లు వేస్తారు," అంది. "జనం లేచి చెప్పులు వెతుక్కుని ఇళ్ళకొస్తారు. మా నాన్న చూసిన సినిమాకి ఎవరూ లైట్లు వెయ్యలేదు. పొద్దున్న లేస్తే 'ఒక్కటే, సరదాకి' అనేవాడు. సాయంత్రానికి ఇంట్లో ఒక వస్తువు కనపడేది కాదు. మీరు అన్న మాటే. అక్షరం తేడా లేదు. అందుకే భయం వేస్తోంది. మీరు ఇంకేదన్నా మాట అనుంటే ఇంత భయం వేసేది కాదు."

నిజంగా బాధపడ్డప్పుడు అతని గొంతు తగ్గిపోతుంది. తగ్గిన గొంతుతోనే అన్నాడు: "అందరూ ఆయనలాగే అయిపోతారా? గెలవాలని మేము కొనడం లేదసలు."

అద్దాలమ్మ చెయ్యి డబ్బా మూత మీదే ఆగిపోయింది.

మేము.

మన భాషలో ఈ ఒక్కచోట తప్పించుకునే సందు లేదు. వినే మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. అలిగిన పసిపిల్లకి కూడా తెలుసు ఆ తేడా. "మేము ఆడుకుంటున్నాం, నువ్వు రావద్దు" అంటుందిగానీ "మనం ఆడుకుంటున్నాం, నువ్వు రావద్దు" అనదు. ఎంత అబద్ధాలకోరు నాలుకైనా ఈ మాట దగ్గర నిజమే చెబుతుంది, ఎందుకంటే అక్కడ అబద్ధం ఆడాలని దానికి తట్టదు. తన భర్త ఒక గుంపులో ఉన్నాడు. ఆ గుంపులో తను లేదు.

"మేమా?" అంది.

"అదే. నేను."

"నేను అయితే నేను అంటారు. మేము అన్నారు."

"మర్యాదగా చెప్పుకున్నానులే."

"మీకు మీరే మర్యాద ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టినుంచే. ఇంట్లో ఎవరూ ఇవ్వడం లేదుగా." లేచి నిలబడ్డాడు. నవ్వబోయాడు గానీ ఆ నవ్వు గోతిలో ఆగిపోయిన లిఫ్టులా సగంలో నిలిచిపోయింది.

"పోనియ్యవే," అంది తల్లి, తల ఎత్తకుండా. "పనికి వెళ్ళే మనిషిని గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలేంటి? అల్లుడుగారూ, మీరు బయల్దేరండి బాబూ."

అతను చక్కెర డబ్బా ఎత్తాడు, టికెట్ తీశాడు, నాలుగు మడతలు పెట్టి ఆమె ఎదురుగానే జేబులో పెట్టుకున్నాడు. దొంగతనంగా పట్టుకెళ్ళి ఉంటే ఆమె అరిచి ఉండేది. అంత మామూలుగా, తాళంచెవి పట్టుకెళ్ళినట్టు పట్టుకెళ్ళేసరికి ఏం చెయ్యాలో తోచలేదు.

*

షాపు వెనకగదిలో కిటికీ లేదు. బల్ల, బల్లమీద వంగే దీపం, నీళ్ళు కారుతూ తిరిగే సానరాయి. అద్దం అంచుని దాని మీద పెట్టి ఫ్రేముకి సరిపడా అరగదీయాలి. వెంట్రుకవాసి ఎక్కువ తీస్తే అద్దం ఊడిపోతుంది, తక్కువ తీస్తే బిగించేటప్పుడు చిట్లుతుంది. అద్దాలమ్మ చేతిలో అద్దం చిట్లి చాలా కాలమైంది. ఆ పొద్దున ఒకటి చిట్లింది.

మేము అంటే ఎవరు? ఆమె బుర్ర మొదట అందరి బుర్రలూ వెళ్ళే చోటికే వెళ్ళింది. ఎవరో ఒక ఆడమనిషి. ఇద్దరూ కలిసి టికెట్ కొని, తగిలితే ఏం చేద్దామో మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ ఆడమనిషికి మొహం పెట్టడానికి కాసేపు ప్రయత్నించింది. కుదరలేదు. అసూయపడడానికి కూడా ఓపిక ఉండాలి. వారమంతా వంగి కూర్చున్న నడుముతో, సాన దుమ్ముతో మండే కళ్ళతో, ఇంకో ఆడదాన్ని ఊహించుకుని ఆమెకి బట్టలూ జడా అమర్చేంత తీరిక తనకెక్కడిది?

ముందుగదిలోంచి గొంతు వినిపించింది. భర్తతో జంటగా పనిచేసే పొట్టి మేస్త్రి. కళ్ళజోడు స్క్రూ ఊడిందని వచ్చాడు. చూపు పరీక్షచేసే ఆయన, షాపు యజమాని, అందరూ డాక్టరుగారు అంటారు, ఆ జోడుని లోపలికి పంపకుండా మేస్త్రినే లోపలికి పంపాడు.

"ఏమ్మా చెల్లాయ్, ఇది ముక్కు మీద నిలవట్లేదు. జోడుదా తప్పు, ముక్కుదా?"

"ముక్కుదే అన్నయ్యా. కానీ దాన్ని నేను అరగదీయలేను." స్క్రూ వెతుకుతూ, ఏమీ కానట్టు అడిగింది: "మీరు కూడా కొంటున్నారా టికెట్లు, ఆయనతో కలిసి?"

"నేనా? నాకెందుకమ్మా. నా అదృష్టం సంగతి నాకు తెలుసు. వడ్డించేవాడు నా దాకా వచ్చేసరికి గరిటె విరిగిపోతుంది." మేస్త్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అయినా శనివారం సగం పూట తర్వాత వాడు నాకెక్కడ చిక్కుతాడు? బస్సులు ఆగే చోట టికెట్ల బడ్డీ లేదూ, దాని పక్క బెంచీ మీద ఒక పెద్దాయనతో కూర్చుని ఉంటాడు. నేను బస్సులోంచి చూస్తుంటాగా. తండ్రి కాబోలు అనుకున్నా."

"మామయ్యగారు పోయి చాలాకాలమైంది."

"మరి మీ నాన్నగారా?" గుమ్మంలోంచి డాక్టరుగారు అడిగాడు. మాటలు వినపడితే ఆగలేని మనిషి.

"మా నాన్న లేరు," అంది అద్దాలమ్మ.

"అయ్యో," అన్నారు ఇద్దరూ.

లేరు. ఈ మాట కూడా ఆమెకి పాత స్నేహితురాలే. ఇంట్లో లేరు, ఊళ్ళో లేరు, లోకంలోనే లేరు, అన్నిటికీ ఒకటే లేరు. ఏది పట్టుకెళ్తారో వినేవాళ్ళ ఇష్టం. వాళ్ళు అయ్యో అంటారు, ఆమె తల దించుకుంటుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

స్క్రూ బిగించింది. మేస్త్రి వెళ్ళాడు. సానరాయి ఆపి, తలనొప్పిగా ఉందని డాక్టరుగారితో చెప్పి సంచి తీసుకుంది. తలనొప్పి నిజంగానే మొదలైంది.

*

బస్సులు ఆగే చోట నీడ తక్కువ, జనం ఎక్కువ. శనివారం మధ్యాహ్నం జనం ఒక రకంగా ఉంటారు. పని అయిపోయిన ఆనందం ఇంకా ఒంటికి పట్టదు, పని అలసట ఇంకా దిగదు. టికెట్ల బడ్డీ ఒక తలుపంత వెడల్పు ఉంది. తాళ్ళకి వేలాడదీసిన టికెట్లు, ఎర్రవీ పచ్చవీ, బస్సు వెళ్ళినప్పుడల్లా ఒకసారి లేచి పడుతున్నాయి. లోపల బడ్డీ యజమానురాలు విసనకర్రతో విసురుకుంటూ కునుకు తీస్తోంది. గెలిచిన నెంబర్ల కాగితం బడ్డీకి అతికించి ఉంది.

బెంచీ మీద ఒక్క ముసలాయనే ఉన్నాడు. పక్కన ఎవరిదో పనిసంచి. ఆ సంచి పట్టీకి తెగినచోట కుట్టిన నీలం దారం ఆమె కుట్టిందే.

మొహం చూడలేదు ఆమె. ముందు కళ్ళజోడు చూసింది, పని అలవాటు. గోధుమరంగు ఫ్రేము, ఎడమ కాడ మాత్రం నలుపు. సీసా అడుగుల్లాంటి మందపు అద్దాలు. పోయిన చలికాలం భర్త తెచ్చాడు ఆ చీటీ, పని దగ్గర ఎవరో పెద్దాయన, చూపు బొత్తిగా ఆనదు, కాస్త చవగ్గా చేసిపెట్టమని. కంటిపాపల మధ్య దూరం లిఫ్టు తలుపులు కొలిచే స్కేలుతో తనే కొలుచుకొచ్చాడు. ఆమె విసుక్కుంటూనే చేసింది. గోధుమరంగు కాడ దొరక్కపోతే నల్లది వేసింది. ఆ మందం అద్దాన్ని పగలకుండా అరగదీయడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. పూర్తయ్యాక దీపానికి ఎదురుగా పెట్టి, ఈ కళ్ళు ఎవరివో పాపం, అనుకుంది కూడా.

అప్పుడు మొహం చూసింది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. కాళ్ళు ఆ పనికి సిద్ధంగానే ఉన్నాయి. కానీ ముసలాయన ఎవరో వచ్చి నిలబడ్డారని తెలిసి తల ఎత్తాడు. ఎత్తిన తల ఆమె భుజం వైపు తిరిగింది, మొహం వైపు కాదు.

"అమ్మా, ఎవరైనా కానీ, కాస్త చదువొచ్చా? ఈ టికెట్ మీద నెంబరు చదివి, ఆ కాగితంతో సరిచూసి పెడతావా?"

ఆమె బడ్డీకి అతికించిన కాగితం వైపు చూసింది.

"మా అల్లుడు టీ తేవడానికి వెళ్ళాడు. వాడొచ్చేలోపు. వాడు చదివితే నాకు నమ్మకం లేదు." రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "ప్రతివారం 'ఒక్క అంకెలో తప్పిపోయింది మావయ్యా' అంటాడు. ప్రతివారం ఒక్క అంకెలోనే ఎలా తప్పుతుందమ్మా? నన్ను ఉత్సాహంగా ఉంచాలని వాడి తాపత్రయం. మంచివాడే. మా అమ్మాయి దగ్గర మాత్రం అలాంటి ఆటలు సాగవు. చాలా కచ్చితం మనిషి. ఈ అద్దాలు తనే చేసింది." రెండు వేళ్ళతో నల్లకాడని సర్దుకున్నాడు. "నాకని తెలీదులే. తెలిస్తే చేసేది కాదు."

చాచిన అరచేతిలో పొద్దుటి టికెట్, నాలుగు మడతలు.

అద్దాలమ్మ తీసుకుంది. మడతలు విప్పింది. చదివింది. గొంతు మారుద్దామన్న ఆలోచన రాలేదు, అంత ఓపిక లేదు. చదివేసి వెళ్ళిపోవాలి, అంతే.

"నాలుగు, ఏడు, గుడ్డు, రెండు, గుడ్డు, తొమ్మిది."

కాగితం వైపు తిరిగి వెతికింది. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి.

"ఒక్క అంకె కూడా కలవలేదు," అంది.

తిరిగి చూసింది. ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని బిగిసి కూర్చున్నాడు.

అప్పటికి తెలిసింది తను ఏం చేసిందో. సున్నాని గుడ్డు అంది. చిన్నప్పుడు దుకాణంలో కత్తిరించిన గుడ్డముక్కల మధ్య కూర్చుని తండ్రికి పేపర్లో నెంబర్లు చదివి వినిపించేది. అంకెలు అలాగే నేర్చుకుంది. సున్నా గుండ్రంగా ఉందని గుడ్డు అనేది, తండ్రి నవ్వి, "గుడ్డు పెట్టిందా మన కోడి?" అనేవాడు. పెద్దయ్యాక బళ్ళో, బ్యాంకులో, షాపులో ఎక్కడా ఆ మాట అనలేదు. లాటరీ టికెట్ చేతిలో పడేసరికి నాలుక దాని దారిన అది పోయింది.

"నువ్వా," అన్నాడు తండ్రి.

"నేనే."

"ఒక్క అంకె కూడా కలవలేదా?"

"లేదు."

"అలా చెప్పాలి," అన్నాడు, ఏదో తిరిగి దొరికినట్టు.

వెనకాల గ్లాసులు తగిలిన చప్పుడైంది. భర్త. రెండు చేతుల్లో రెండు టీలు. ఆమెని చూసి ఆగిపోయాడు. ముందుకు రావాలో వద్దో తెలియక, ఒలికిపోతున్న టీని మాత్రం చాలా జాగ్రత్తగా చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అడిగింది.

"కళ్ళాసుపత్రిలో లిఫ్టు ఆగిపోతే వెళ్ళాను. వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు." గ్లాసులు బెంచీ మీద పెట్టాడు. "పెళ్ళికి ముందు నీ దగ్గరున్న ఫోటో చూశాగా. గుర్తుపట్టా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెప్తే వద్దంటావు. నువ్వు వద్దంటే మానెయ్యాలి. మానెయ్యడం నా వల్ల కాదనిపించింది."

"టికెట్లు మానిపించొచ్చుగా? మీరే పక్కన కూర్చుని కొనిపిస్తారా?"

"అప్పుడు రోజూ కొనేవారు. చేతిలో ఏముంటే అది. వారానికి ఒక్కటే, అదీ నేను పక్కనుంటేనే అని ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అది కూడా మాన్పిస్తే నేనిక్కడికి ఏ వంకతో రాను?"

"మామగారిని చూడడానికి వంక కావాలా?"

"నాకక్కర్లేదు. ఆయనకి కావాలి. జాలిపడి వచ్చానంటే తలుపు తియ్యరు. టికెట్ తెచ్చానంటే తీస్తారు."

"నేనిక్కడే ఉన్నా," అన్నాడు ముసలాయన. "చూపు పోయింది గానీ చెవులు బానే ఉన్నాయి." తర్వాత కూతురి వైపుగా, ఆమె భుజానికి చెప్పినట్టు: "తిట్టాలంటే తిట్టమ్మా. కూర్చుని తిట్టు. నిలబడి తిడితే కాళ్ళు నొప్పులు."

అద్దాలమ్మ బెంచీ చివర కూర్చుంది. తిట్టడానికి దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఎప్పుడో ఒకరోజు ఎదురైతే అనాలని ఒక్కొక్కటే పోగేసింది. వంట చేస్తూ, సానరాయి తిప్పుతూ, ఎన్నిసార్లు వాటిని మనసులో అప్పజెప్పుకుందో. ఇప్పుడు చెయ్యిపెట్టి చూస్తే అన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

"అన్నీ తగలేశారు," అంది.

"తగలేశాను."

"మిషన్లన్నీ అమ్మేశారు. అమ్మ కుట్టుకునేది కూడా."

"అమ్మేశాను."

"సరదాకి అనేవారు."

"మొదట్లో సరదాయేనమ్మా. నిజంగానే." తండ్రి టీ గ్లాసు కోసం తడిమాడు. భర్త చేతికందించాడు. "మొదటి టికెట్ నాడు ఇంటికొస్తూ ఆకాశం చూశాను. అంతకుముందు ఎన్నేళ్ళనుంచీ సూదిబెజ్జం తప్ప ఏమీ చూడలేదు నేను. అదీ సరదా. రెండోది కొన్ననాడు ఆకాశం కనపడలేదు. ఇంకోటి కొంటే కనపడుతుందేమో అనుకున్నా. తర్వాతదంతా నీకు తెలిసిందే."

గాలిని గుద్దినట్టుంది ఆమెకి. ఎదుటి మనిషి కాదంటే కదా పోట్లాట. ఔనౌనని తల ఊపే ముసలివాడితో ఏం పోట్లాడుతుంది? అయినా ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ తుప్పు పట్టలేదు.

"నా సంగతి వదిలెయ్యండి," అంది. "నేను రెక్కలొచ్చి ఎగిరిపోయినదాన్ని. అమ్మని చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. మీ మాట వస్తే చాలు, లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి మీ పేరెత్తలేదు. అంత విరిగిపోయింది మీ మీద మనసు. పెళ్ళినాడు ఈయనకి పెట్టిన షరతు నాకోసం పెట్టుకున్నాననుకుంటున్నారేమో. అమ్మ కోసం. ఇంకొక టికెట్ ఆవిడ కంటపడకూడదని."

తండ్రి గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఆగాడు. అయోమయంగా అల్లుడున్న వైపు తిరిగాడు. అల్లుడు బడ్డీకి వేలాడే టికెట్లని చూస్తున్నాడు, లిఫ్టులో ఎక్కినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడలేక తలుపు మీది అంకెలు చూస్తారే, అలా.

"పేరెత్తదా?" అన్నాడు తండ్రి మెల్లిగా. "ఇంట్లో ఎత్తదా?"

"ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ ఎత్తుతుంది?"

"మరి..." ముసలాయన గ్లాసు దించాడు. దాచడం చేతకాని మనిషి. చేతనైతే ఆ రోజుల్లో మిషన్లు అమ్మిన సంగతైనా దాచేవాడు. "మరి నెంబరు ఏరేది తనేగా. బడ్డీలో అన్నీ తిరగేసి, ఇదొద్దు అదొద్దని ఆ బడ్డీ ఆవిడని చంపుకుతింటుంది. ఇవాళింకా రాలేదేమిటా అని నేను చూస్తుంటే..."

"మావయ్యా," అన్నాడు అల్లుడు. ఆలస్యంగా అన్నాడు.

బస్సు వచ్చి ఆగింది. తాళ్ళమీది టికెట్లన్నీ ఒక్కసారి లేచి పడ్డాయి. బడ్డీలో కునుకుతీసే ఆమె కళ్ళు తెరిచి, అలవాటైన చేత్తో కొత్త కట్ట ఒకటి ముందుకు తోసి సిద్ధంగా పెట్టింది. సంచులు మోసేవాళ్ళూ, చంకన పిల్లలున్నవాళ్ళూ అందరూ దిగారు. చివరగా ఒక మనిషి కడ్డీ పట్టుకుని, రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీద పెట్టి, మళ్ళీ రెండు కాళ్ళూ కింది మెట్టు మీద పెట్టి, తొందరేమీ లేనట్టు దిగుతోంది. మంచి బట్టలు కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది.

నేలమీద కాలు పెట్టి, బెంచీ వైపు నవ్వబోతూ, తల్లి తల ఎత్తింది.